తెరకొక తెర
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మనకు చదువు నేర్పినది. ఇతరులు చదువుకొనుచుండగా మనమెట్లు మెలగవలెనో నేర్చుకొనవలసిన కాలమిప్పుడు వచ్చినది. నేను లెక్కలు వ్రాసికొని బ్రతుకువాడను, పండితుడను గాను. నావలన జరిగిన యొక తప్పును చెప్పుకొనుటకే మీ యెదుట నిలిచితిని.

భారతకథలో అంధుడైన ధృతరాష్ట్రునకు సంజయుడు యుద్ధమును చూచి వినిపించెను. నేడు ల్యాప్‌టాప్ వాడు అంధునకు స్క్రీన్ రీడర్ అట్టి సంజయుడు. 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ అను అంధయువకుడు ప్రారంభించిన ఎన్.వి.డి.ఏ. ఇట్టిదే. దానికి వెల లేదు. తెలుగును సైతము చదువును. నందికొట్కూరునకు తోడు లేనిదే పోలేనివాడు బ్యాంకిపని, అర్జీలు, ఉత్తరములు నేడు దీనితో తానే చక్కబెట్టుకొనగలడు.

అయితే ఒక భేదము కలదు. ఈ సంజయుడు చెవిలో చెప్పుచున్నదెల్ల తెరమీద వెలుగుచునే యుండును. వినువానికి దక్క, వెనుక నిలిచిన ప్రతివానికి నది కనబడును.

ఒకనాడొక అంధపాఠకుడు హెడ్‌ఫోన్లు పెట్టుకొని ఉత్తరము వ్రాసికొనుచుండెను. పత్రిక కొరకు అతని వెనుకకు పోయిన నేను తెలియక రెండు పంక్తులును, తెలిసియే మిగిలినవియు చదివితిని. అందొక కూడిక తప్పియుండెను. లెక్కలవాని బుద్ధి ఊరకుండునా? భుజము తట్టి, "కూడిక తప్పినది నాయనా!" అంటిని. అతడు ఉలికిపడి, "తెర వెలుగుతా ఉండాదా సామీ?" అని యడిగెను. కొంతసేపటికి, "ఈ మాట ఇంట్లో గూడా చెప్పలేదు" అని తలవంచుకొనెను.

నా ఖాతాపుస్తకములోనికి ఎవడైన తొంగిచూచిన నేను వెంటనే అట్ట మూయుదును. కన్నున్నవానికి కన్నే కావలి. అతనికి వెనుకటి అడుగుల చప్పుడే కావలి. హెడ్‌ఫోన్లు లోపలి మాటను దాచినవిగాని, ఆ కావలిని కూడ తొలగించినవి.

దీనికి మందు లేకపోలేదు. ఎన్.వి.డి.ఏ.లో 2019.3 కూర్పునుండి స్క్రీన్ కర్టెన్ అను నేర్పాటు కలదు. దానిని వేసినచో తెర యంతయు నల్లనగును, మాట మాత్రము ఆగదు. ఐఫోనులో వాయిస్‌ఓవర్ నడచుచుండగా సాధారణముగా మూడు వ్రేళ్లతో ముమ్మారు తట్టిన నిట్లే జరుగును. చూపుగలవారి సాయము కావలసినపుడు ఆ కర్టెన్‌ను తీసివేయవచ్చును.

"ఎటులైనను ఒకరి సాయముతో బ్రతుకువానికి రహస్యమేమి?" అనువారు కలరు. సాయమడుగుట వేరు, రహస్యము నప్పగించుట వేరు. 2004లో నాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఆసిఫ్‌నగర్ ఉపయెన్నికలో ఓటుయంత్రముపై బ్రెయిలీ గుర్తులను పరీక్షించి చూచిరి. తోడుమనిషికి సైతము తెలియకుండ అంధుడు తన ఓటు తానే వేయవలెననియే కదా! 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టున తొమ్మండుగురు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమికహక్కని తీర్పు చెప్పిరి. ఆ తీర్పులో కన్నున్నవారికి మాత్రమే యని లేదు.

కావున మూడు విన్నపములు. ల్యాప్‌టాప్ బల్లను, కూర్చున్నవాని వీపు గోడవైపునకు వచ్చునట్లు వేయుడు. తెరను నల్లజేయు విధమును గ్రంథపాలకుడు నేర్చి, అంధపాఠకునకు మొదటనే తెలుపవలెను. వేయుటయు మానుటయు అతని యిష్టము. దగ్గరకు పోవువారు ఎదుటినుండి పోయి, బల్లపై తట్టి, తమ పేరు చెప్పి పలుకరింపవలెను.

అతడెవరో, ఆ యుత్తరములో నేమున్నదో మీరడుగకుడు. ఒకమారు చదివిన తప్పు చాలును. అతనిని మన్నింపుమని నాడే వేడుకొంటిని. అట్టి తప్పు ఈ గ్రంథాలయమున మరియొకరు చేయకుందురుగాక!