శుక్లాల ఆపరేషను తర్వాత ఇంటి పనులు



వ్యవసాయము చెప్పేవాడు కంటి సంగతి చెప్పుట ఏమిటని మీకు తోచవచ్చును. మన పల్లెలలో పెద్దవారు చాలమంది పంట ఇల్లు చేరిన తర్వాతనే, తీరిక చూచుకొని, శుక్లాల ఆపరేషను చేయించుకొందురు. సరిగా అప్పుడే కల్లములో మిరప ఘాటు, ఇంటిలో కందిపొట్టు దుమ్ము ఉండును. అందుచేతనే ఈ నాలుగు మాటలు.

పూర్వము ఆపరేషను అయినవారిని రోజుల తరబడి మంచము మీదనే పడుకోబెట్టెడివారు. నేడు సాధారణముగా అదే రోజున ఇంటికి పంపుచున్నారు. గాటు చాల చిన్నది. చాలమందికి కుట్టు కూడ ఉండదు. నొప్పి లేదు గనుక గాయమే లేదనుకొనరాదు. నాటిన నారు పచ్చగా కనిపించినను, వేరు పట్టకముందు లాగినచో ఊడివచ్చును గదా! కన్ను కూడ అంతే.

మరునాటి నుండి మెల్లగా నడువవచ్చును. కూర్చుండి కూరలు తరుగవచ్చును, బట్టలు మడతపెట్టవచ్చును. కాని మొదటి రెండు వారములు నీళ్ళబిందె, ధాన్యపు బస్తా, గడ్డిమోపు ఎత్తరాదు. వంగి ఇల్లు ఊడ్చుట, పేడ తీయుట, కారము దంచుట, కట్టెపొయ్యి ఊదుట మానవలెను. స్నానము మెడ క్రిందికే. రాత్రి నిద్రలో చేయి తగలకుండ కంటికి ఆసుపత్రిలో ఇచ్చిన మూత పెట్టుకొనవలెను. నూర్పిడికి, పురుగుమందు చల్లుటకు, తలస్నానమునకు వైద్యుడు సరే అన్న పిమ్మటనే పూనుకొనవలెను.

చుక్కలమందు వేయుటకు ముందు చేతులు సబ్బుతో కడుగవలెను. క్రింది రెప్పను కొంచెము లాగి, సీసా మొన కంటికి తగలకుండ ఒక్క చుక్క వేయవలెను. రెండవ మందునకు 5 నిమిషములు ఆగవలెను. ఎరుపు తగ్గినదని మందు మధ్యలో మానరాదు. ఆముదము, తేనె, చనుబాలు, ఆకుపసరు కంటిలో వేయనే రాదు.

నొప్పి గాని ఎరుపు గాని పెరిగినను, చూపు మందగించినను, పుసి కారినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. తెల్లవారనిమ్మని ఆగరాదు. కంటిలోపల చీము పట్టినచో ఒకటి రెండు రోజులలోనే చూపు పోవచ్చును.

చివరగా, ఇంటిలోని పడుచువారికి ఒక మాట. పని ఎదురుగా కనిపించుచుండగా అమ్మ ఊరకే కూర్చుండదు. జాగ్రత్తలు ఆమెకు చెప్పినంత మాత్రమున చాలదు. ఆ రెండు వారములు బిందె, చీపురు, పొయ్యి మీరే అందుకొనవలెను.