సంతకం ఎవరిది?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కాన్పు సంగతి మగవాడు, అందులోనూ ఉర్దూ మేష్టరు మాట్లాడడమేమిటని కొందరు నవ్వుకొనవచ్చును. ఆసుపత్రిలో కాగితం మీద సంతకం పెట్టేది మగవాళ్లమే గనుక మాట్లాడక తప్పదు.

మా చెల్లెలు తొలికాన్పుకు వింజమూరు పుట్టింటికి వచ్చింది. నొప్పులు రాగానే నెల్లూరు తీసుకుపోయాము. రాత్రివేళ ఒక కాగితం మా చేతికిచ్చి, ఆపరేషన్ చేయాలి, త్వరగా సంతకం పెట్టమన్నారు. పెట్టాము. చదవకుండా దేనిమీదా పేరు వ్రాయవద్దని ఇరవై ఏళ్లుగా పిల్లలకు చెప్పే మేము ఒక్క ముక్క చదవలేదు. కాగితం ఇంగ్లీషులో ఉంది. చెల్లెలు చదివింది ఉర్దూ. ఆమె పక్క గదిలో తెలివితోనే ఉంది. ఆమెను ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు. అల్లాహ్ దయవల్ల తల్లీబిడ్డా క్షేమం. ఆరు నెలల తర్వాత, "భయ్యా, నాకు ఆపరేషన్ ఎందుకు చేశారు?" అంటే మా దగ్గర జవాబు లేదు.

డాక్టర్లను తప్పుపట్టుటకు ఇది చెప్పుట లేదు. బిడ్డ అడ్డం తిరిగినా, గుండె కొట్టుకోవడం తగ్గినా ఆపరేషనే ప్రాణం నిలుపుతుంది. అయితే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో నూటికి 63. ఇన్నింటిలో ఎందరు తల్లులకు కారణం తెలుసు?

2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది. అది కాన్పు కేసు కాదు, గర్భసంచి తీసివేసిన కేసు. మత్తులో ఉన్న కూతురి బదులు తల్లి ఇచ్చిన అంగీకారం చెల్లదన్నది. ప్రాణాపాయమైతే వేరు, లేకుంటే చికిత్స ఏమిటో, వేరే మార్గముందో, ప్రమాదమేమిటో చెప్పి ఆ మనిషినే అడగాలి. తల్లి అంగీకారమే చెల్లనప్పుడు మా సంతకమెంత?

నొప్పుల మధ్య ఇవన్నీ అడగడం ఎవరి తరమూ కాదు. ఎనిమిదో నెల పరీక్షకు పోయినప్పుడే అడగాలి: మామూలు కాన్పుకు వీలుందా, ఏమైతే ఆపరేషన్ చేస్తారు, కాస్త ఆగితే నష్టమా? అడిగేది కోడలు, అత్తగారూ, మేమూ పక్కన నిలబడితే చాలు. ప్రభుత్వాసుపత్రిలో కాన్పు గదిలోనికి తోడుగా ఒక ఆడమనిషిని రానివ్వాలని కేంద్రం 2016లోనే చెప్పింది. కాన్పు ఎరిగిన పిన్నినో, అక్కనో పంపండి.

ఆ ప్రశ్నలను మేము ఉర్దూలోనూ తెలుగులోనూ ఒక కాగితం మీద వ్రాసి తెచ్చాము. సభ ముగిసిన తర్వాత మా ఇంటావిడ పరదా వైపు పంచుతుంది. చదువురాని వారికి చదివి వినిపిస్తుంది.