పక్క సీటు చూడలేని పని
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను, గుమస్తాను. 2019లో నా చిన్నప్రేగు చివరి భాగం ఆపరేషను చేసి తీసివేశారు. ఆ సందర్భంగా డాక్టరు గారిని అడిగి తెలుసుకొన్న సంగతులు నలుగురికీ చెప్పమని కార్యదర్శి గారు కోరారు. క్లుప్తంగా మనవి చేస్తాను.

చిన్నప్రేగు పొడవు సుమారు 6 మీటర్లు. దాని లోపలి గోడకు మఖమలు గుడ్డ మీది నూగు వలె సన్నని చూషకాలుంటాయి. ఆహారసారాన్ని పీల్చుకొనేవి అవే. కొంత ప్రేగు తీసివేస్తే మిగిలినది ఊరుకోదు. చూషకాలు పొడవు పెరుగుతాయి, ప్రేగు కాస్త వెడల్పవుతుంది. ఈ సర్దుబాటు ఒకటి రెండేళ్ళు సాగుతుంది. నోటితో తినే ఆహారమే దానికి ప్రేరణ. కనుక డాక్టరు అనుమతించిన తరువాత భయపడి పస్తులుండరాదు. కొద్దికొద్దిగా పలుమార్లు తినాలి. పైభాగం పోతే ఫోలిక్ ఆమ్లం వంటివాటిని గ్రహించే పని కింది భాగం చాలావరకు అందుకొంటుంది. సెలవు పెట్టినవాని ఫైళ్ళు పక్క సీటువాడు చూసినట్లే.

కాని ఒక సీటుకు ఇన్‌ఛార్జి లేడు. బి12 విటమిను జీర్ణాశయంలో తయారయ్యే ఒక మాంసకృత్తితో జతకూడి వస్తుంది. దానిని గ్రహించేది చిన్నప్రేగు చివరి భాగమే. అది సుమారు 60 సెంటీమీటర్లకు మించి పోతే, పైభాగం ఎన్నేళ్ళయినా ఆ పని నేర్చుకోదు. సాధారణంగా జీవితాంతం ఇంజక్షన్లు తీసుకోవాలి. అంతకు తక్కువైతే రక్తపరీక్ష చూసి డాక్టరు నిర్ణయిస్తారు.

మోసపోయేది ఇక్కడే. కాలేయంలో బి12 నిల్వ ఉంటుంది. జీతం ఆగినా ప్రావిడెంటు ఫండుతో ఇల్లు గడిచినట్లు, ఆ నిల్వతో కొన్నేళ్ళు గడిచిపోతాయి. ఆపరేషను సంగతి ఇంటిల్లిపాదీ మరచిపోయాక అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయి, నడక తూలుతుంది, మతిమరుపు వస్తుంది. "వయసు మీదపడిందిలే" అనుకొంటాము. ఆలస్యమైతే నరాలకు కలిగిన నష్టం పూర్తిగా తీరకపోవచ్చు.

ఇంకొక జాగ్రత్త. ఫోలిక్ ఆమ్లం మన భీమవరంలో పుట్టిన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో 1940లలో అమెరికాలో తయారైన మందు. రక్తహీనతకు మంచిదే. అయితే బి12 లోటున్నవారు అదొక్కటే వాడితే రక్తం బాగుపడినట్లు కనిపిస్తుంది, నరాలు మాత్రం లోలోపల చెడుతూనే ఉంటాయి.

మిత్రులారా, పి.పి.ఓ.ను ఎంత భద్రంగా దాచుకొంటామో ఆసుపత్రి డిశ్చార్జి కాగితాన్నీ అంత భద్రంగా దాచండి. ఏ భాగం, ఎంత పొడవు తీశారో అందులో లేకపోతే అడిగి రాయించుకోండి. ఎన్నేళ్ళ తరువాతనైనా, కొత్త డాక్టరు దగ్గరకు వెళ్ళినపుడు ముందుగా అది చూపండి. అది ఎక్కడుందో ఇంట్లో పిల్లలకు చెప్పి ఉంచండి. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే వేళకు బి12 పరీక్ష సంగతి కూడా గుర్తు చేసుకోండి.