గడువు తీరిన కార్డు, చేతిలో ఉన్న రసీదు



మాది హోసూరు. కిందటేడు ఒక సాయంత్రం మా వీధిలో ఉండే ఒక పెద్దావిడ మా ఇంటికి వచ్చారు. ఆవిడ కొడుకు పన్నెండేళ్ళుగా అమెరికాలో ఉంటున్నాడు. కూర్చోకముందే ఆవిడ అడిగిన మాట ఇది: "ఏమప్పా, మా పిల్లోడి గ్రీన్ కార్డు వచ్చే నెలకు అయిపోతుందంట. సిటిజన్‌షిప్పుకు అర్జీ పెట్టినాడు, అది ఇంకా తేలలేదంట. చెల్లెలి పెండ్లికి వస్తే మళ్ళా వాణ్ణి లోపలికి విడుస్తారా?"

ఈ ప్రశ్న ఆవిడ ఒక్కరిదే కాదు. బళ్ళారిలోనైనా, బరంపురంలోనైనా, చంద్రపూర్‌లోనైనా పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. అందుకే ఈ రోజు ఈ సంగతి మీతో మాట్లాడుతున్నాను. నేను వకీలును కాను. మా ఇంట్లో ఒకసారి దెబ్బ తగిలింది, దాని వల్ల తెలుసుకున్నవాణ్ణి.

ముందుగా ఒక మాట గుర్తు పెట్టుకోండి. గ్రీన్ కార్డు వేరు, ఆ కార్డు చూపించే హక్కు వేరు. మన దగ్గర పొలానికి కాగితం ఉంటుంది. తమిళనాడులో పట్టా అంటాం, కర్ణాటకలో పహణీ అంటాం. ఆ కాగితం చినిగిపోతే పొలం పోదు. కానీ బ్యాంకులో అప్పు కావలసివచ్చిన రోజున కాగితం లేదంటే పని జరగదు. గ్రీన్ కార్డు కూడా అలాంటిదే. సాధారణంగా దాని మీద పదేళ్ళ గడువు ఉంటుంది. ఆ తేదీ దాటినంత మాత్రాన అమెరికాలో శాశ్వతంగా నివసించే హక్కు పోదు. అయితే పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రతివారూ ఆ హక్కుకు రుజువు దగ్గర ఉంచుకోవాలని అక్కడి చట్టం చెబుతుంది. విమానం ఎక్కేటప్పుడూ, ఉద్యోగంలో చేరేటప్పుడూ ఆ రుజువే అడుగుతారు. అంటే గడువు తీరడంతో హక్కు ఉంటుంది, రుజువు పోతుంది. చిక్కంతా అక్కడే.

ఇక మా ఇంటి సంగతి చెబుతాను. మా అక్క టెక్సాస్‌లో ఉంటుంది. 2019లో ఆమె పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకుంది. అప్పటికి కార్డు గడువు నాలుగు నెలలే మిగిలింది. "పౌరసత్వానికి పెట్టాక కార్డు మార్చుకోనక్కరలేదు" అని ఎవరో చెప్పారు, ఆమె నమ్మింది. ఆ రోజుల్లో నియమం వేరుగా ఉండేది. గడువుకు ఆరు నెలల ముందే పౌరసత్వ దరఖాస్తు పెట్టినవారికే ఆ వెసులుబాటు. ఆ తరువాత పెట్టినవారు కార్డు కోసం ఐ-90 అనే ఫారం వేరుగా వేసి, వేరుగా రుసుము కట్టాలి. అక్క వేయలేదు. కార్డు గడువు తీరింది. రెండు నెలలకు మా అమ్మ పోయింది.

అక్క రాలేదు. బయలుదేరితే భర్తనూ పిల్లలనూ వదిలి ఇక్కడే చిక్కుకుపోతానేమోనని భయపడింది. పదకొండో రోజున ఫోనులో అర్ధగంట సేపు ఏడ్చింది. మరుసటి ఏడాది ఆమెకు పౌరసత్వం వచ్చింది. ఆ తరువాత తెలిసింది మాకు: ఆ రోజే కార్డు దరఖాస్తు ఆన్‌లైన్‌లో వేసి, అత్యవసరమని చెప్పి, పాస్‌పోర్టులో తాత్కాలిక ముద్ర అడిగే దారి ఒకటి ఉందని. అడిగి ఉంటే దొరికేదేమో. అడగవచ్చునన్న సంగతే మాకు తెలియదు.

ఇప్పుడు ఆ నియమం మారింది. 2022 డిసెంబరు 12 నుంచి అమెరికా పౌరసత్వ, వలస సేవల శాఖ కొత్త పద్ధతి పెట్టింది. పౌరసత్వ దరఖాస్తును ఎన్-400 అంటారు. ఆ తేదీన గాని, ఆ తరువాత గాని ఎన్-400 సరిగా దాఖలు చేసినవారికి వచ్చే రసీదు పత్రంలోనే గ్రీన్ కార్డు గడువును 24 నెలలు పొడిగించినట్టు రాసి ఉంటుంది. ఆ 24 నెలలూ కార్డు మీద ఉన్న తేదీ నుంచి లెక్క. గడువుకు ఆరు నెలల ముందు పెట్టారా, ఆరు రోజుల ముందు పెట్టారా అన్న భేదం ఇప్పుడు లేదు. కార్డు కోసం మళ్ళీ వేరే దరఖాస్తు సాధారణంగా అక్కరలేదు. ఆ ఖర్చు కూడా తక్కువేమీ కాదు. 2024 ఏప్రిల్ 1న వచ్చిన పట్టిక ప్రకారం ఐ-90 రుసుము ఆన్‌లైన్‌లో 415 డాలర్లు, కాగితం మీద పంపితే 465 డాలర్లు.

ఇక్కడ తల్లిదండ్రులు పిల్లలకు చెప్పవలసిన మాట ఒకటుంది. ఆ రసీదు ఒక్కటే చాలదు, పాత కార్డు ఒక్కటే చాలదు. రెండూ కలిపి చూపితేనే రుజువు. గడువు తీరిందని పాత కార్డును బీరువాలో పడేసి రాకూడదు. రసీదు అసలు ప్రతే తెచ్చుకోవాలి. జిరాక్స్ కాపీ ఒకటి తీసి ఇక్కడ అమ్మ దగ్గర ఉంచితే మంచిదే, కానీ ప్రయాణానికి అసలుదే కావాలి.

ఈ వెసులుబాటు వర్తించని సందర్భాలు కొన్ని ఉన్నాయి. అవి జాగ్రత్తగా వినండి.

కార్డు పోయినా, దొంగతనమైనా, పాడైపోయినా రసీదుతో పని జరగదు. ఐ-90 వేయవలసిందే. 2022 డిసెంబరు 12కు ముందు పౌరసత్వానికి పెట్టి, ఇంకా ఎదురుచూస్తున్నవారికీ ఈ పొడిగింపు రాదు. ఇక పెళ్ళి ద్వారా వచ్చే రెండేళ్ళ షరతుల కార్డు సంగతి పూర్తిగా వేరు. ఆ షరతులు తొలగించమని వేరే దరఖాస్తు గడువుకు ముందు తొంభై రోజుల్లో పెట్టుకోవాలి. పౌరసత్వ దరఖాస్తు దానికి బదులు కాదు. 24 నెలలూ గడిచి, పౌరసత్వం ఇంకా తేలకపోతే అప్పుడు మళ్ళీ రుజువు చూసుకోవాలి. పౌరసత్వానికి పెట్టకుండా కార్డు మాత్రమే మార్చుకునేవారు గడువుకు ఆరు నెలల ముందు నుంచి ఐ-90 వేయవచ్చు. 2024 సెప్టెంబరు నుంచి ఆ రసీదు మీద 36 నెలల పొడిగింపు ఇస్తున్నారు.

ప్రయాణం విషయంలో మరి రెండు మాటలు. పౌరసత్వ దరఖాస్తు నడుస్తుండగా వేలిముద్రలకూ, ఇంటర్వ్యూకూ పిలుపులు వస్తాయి. ఆ ఉత్తరం ఖాళీ ఇంటి తలుపు దగ్గర పడి ఉంటే, ఇంటర్వ్యూకు వెళ్ళకపోతే, దరఖాస్తు మూలపడుతుంది. కాబట్టి బయలుదేరే ముందు తేదీలు చూసుకోవాలి. ఉత్తరాలు చూసే మనిషిని ఒకరిని పెట్టుకోవాలి. ఇల్లు మారితే పది రోజుల్లో కొత్త చిరునామా ఆ శాఖకు తెలపాలి.

రెండోది, ఎక్కువ కాలం ఉండిపోకూడదు. ఆరు నెలలు దాటి దేశం బయట ఉంటే, అక్కడి నివాసం తెగిపోయిందేమోనన్న ప్రశ్న పౌరసత్వ ఇంటర్వ్యూలో వస్తుంది. ఏడాది దాటితే ఇంకా చిక్కు. ఇది పిల్లలకే కాదు, పిల్లల ద్వారా గ్రీన్ కార్డు తెచ్చుకున్న పెద్దలకూ వర్తిస్తుంది. "మనవడి దగ్గర ఆరు నెలలు, పొలం దగ్గర ఏడాదిన్నర" అనుకునే పెద్దలు మనలో ఉన్నారు. రసీదు కార్డు గడువును పొడిగిస్తుంది గాని, ఇక్కడ ఉండిపోయిన రోజులను మాఫీ చేయదు.

మన దేశం వైపు నుంచి కూడా ఒక మాట. అమెరికా పౌరసత్వ ప్రమాణం చేసే రోజు వరకూ మీ అబ్బాయి భారత పౌరుడే. భారత పాస్‌పోర్టుతోనే రాకపోకలు. కాబట్టి దాని గడువు కూడా చూసుకోవాలి. ప్రమాణం రోజున గ్రీన్ కార్డు తిరిగి ఇచ్చేస్తారు. మన చట్టం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు గనుక, ఆ తరువాత భారత పాస్‌పోర్టు అప్పగించి, రావడానికీ పోవడానికీ ఓసీఐ కార్డు తీసుకోవచ్చు.

యానాం శ్రోతలకు ఇలాంటి సంగతులు పెద్దల నోట విన్నవే. 1962 ఆగస్టు 16న ఫ్రాన్సుతో ఒప్పందం అమలులోకి వచ్చినప్పుడు, ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోదలచినవారు ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా చెప్పాలన్నారు. బళ్ళారి వారికీ తెలుసు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజున బళ్ళారి మైసూరులోకి వెళ్ళింది. మనుషులు ఉన్నచోటే ఉన్నారు, కాగితాల మీద రాష్ట్రం మారింది. హద్దు పక్కన బతికేవాళ్ళం మనం. తేదీనీ కాగితాన్నీ తేలికగా తీసుకోకూడదని మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఆ పెద్దావిడకు ఈ మాటలన్నీ చెప్పాను. అమెరికాకు ఫోను చేయించి, రసీదు మీద పొడిగింపు మాట ఉందేమో కొడుకు చేత చదివించాను. ఉంది. అతను పెండ్లికి వచ్చాడు, మూడు వారాలు ఉన్నాడు. తిరుగు ప్రయాణంలో బెంగళూరు విమానాశ్రయంలో కౌంటరు దగ్గర అమ్మాయి కార్డు మీద తేదీ చూసి ఆగిపోయిందట. అతను రసీదు ఇచ్చాడు. ఆమె పై అధికారిని పిలిచింది. ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చదివారు. పది నిమిషాలు పట్టింది. బోర్డింగ్ పాసు చేతికి వచ్చింది.

ఆ పది నిమిషాల కోసమే ఈ ప్రసంగం. మీ పిల్లలకు ఈ రాత్రే ఫోను చేసి మూడు మాటలు అడగండి. కార్డు మీద తేదీ ఎప్పటిది? రసీదు ఎక్కడ పెట్టావు? దాని మీద 24 నెలల మాట ఉందా? టిక్కెట్టు కొనే ముందు ఆ శాఖ వెబ్‌సైటులో నియమం మరోసారి చూసుకోమనండి, ఇవి మారుతూ ఉంటాయి. కేసులో చిక్కు ఏదైనా ఉంటే అక్కడి వకీలును అడగమనండి.

మా అక్క ఇప్పుడు ఏటా వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ముందుగా అమ్మ పటం దగ్గరకు వెళ్ళి నిలబడుతుంది. తెలియక ఆగిపోయిన ఆ ప్రయాణం మీ ఇంట్లో ఎవరికీ కలగకూడదని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.