లాగ్‌బుక్కులో లేని గడి

(కురవిలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పని మీద బండి నడిపేవారి భద్రత గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. డ్రైవింగు నేర్పే అర్హత నాకు లేదు, నేను గుమాస్తాను. కాని బండి నడిపేవారి కాగితాలు చాలా ఏళ్లు నా బల్ల మీదుగా పోయాయి.

నేను పనిచేసిన ఒక కార్యాలయంలో జీపు లాగ్‌బుక్కు నా దగ్గరే ఉండేది. బయలుదేరిన చోటు, చేరిన చోటు, తిరిగిన కిలోమీటర్లు, పోయించిన డీజిలు, అధికారి సంతకం, అన్నిటికీ గడులున్నాయి. డ్రైవరు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడో రాసే గడి మాత్రం లేదు. ఒకసారి ఎన్నికలప్పుడు మా డ్రైవరు పగలంతా తిరిగి, రాత్రి సామగ్రి చేరవేసి, తెల్లవారుజామున మళ్లీ బండెక్కాడు. దారిలో రెప్ప పడింది. జీపు చింతచెట్టుకు గుద్దుకుంది. మనిషి దక్కలేదు. ఆయన భార్యకు కుటుంబ పెన్షను, కొడుకుకు కారుణ్య నియామకం కాగితాలు నేనే తయారుచేశాను. ప్రమాద కారణం దగ్గర ‘డ్రైవరు అజాగ్రత్త’ అని ఉంది. అంతకుముందు ఆయన ఎన్ని గంటలు పనిచేశాడో ఆ ఫైలులో ఎక్కడా లేదు.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 16 మీటర్లకు పైగా పోతుంది. మూడు సెకన్లు కునికితే 50 మీటర్లు బండిని ఎవరూ నడపనట్టే. టీ తాగినా, మొహం కడిగినా నిద్ర వాయిదా పడుతుందేగాని తీరదు. బండి పక్కకు ఆపి కాసేపు పడుకోవడమే మందు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే రోజుకు 8 గంటల పని, 5 గంటలకు మించకుండా అరగంట విశ్రాంతి అని రాసింది. ఆ లెక్క మనిషి శరీరానికి ఇప్పటికీ వర్తిస్తుంది.

ఇప్పుడు మన పిల్లల సంగతి చూడండి. మహబూబాబాద్ నుంచి కురవికి, మరిపెడకు మోటారు సైకిలు మీద డ్యూటీకి పోయేవారున్నారు. మిరప ఏరే కూలీలను తెల్లవారకముందే ఎక్కించుకుపోయే ఆటోవాళ్లున్నారు. రాత్రిపూట మార్కెట్టుకు మిర్చి బస్తాలు తోలే ట్రాక్టరువాళ్లున్నారు. వీళ్లను తొందరపెట్టేది ఎవరు? పై అధికారి, ఆసామి, ఒక్కోసారి ఇంట్లో ఉన్న మనమే.

2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటులో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఆ బస్సులో పట్టేవారికంటే ఎంతో ఎక్కువ మంది ఉన్నారు. ఆటో నిండాక “ఇంకొక్కరం సర్దుకుంటాం” అనేది కూడా మనమే కదా!

కనుక మన చేతిలో ఉన్నవి కొన్ని చెబుతాను. అబ్బాయి బండి మీద ఉన్న వేళకు ఫోను చేయకండి. చేరాక వాడే చేస్తాడు. ఫోనులో మాట్లాడుతూ నడిపితే ప్రమాదం సుమారు నాలుగింతలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వెనక కూర్చున్న కోడలికీ హెల్మెట్ ఉండాలి, పట్టీ బిగించాలి. ట్రాక్టరు ట్రాలీకి వెనక రేడియం స్టిక్కరు అంటించండి. వడ్లు, మక్కలు రోడ్డు మీద ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టి రాత్రికి వదిలేయకండి. నైట్ డ్యూటీ చేసి వచ్చిన పిల్లవాణ్ణి వెంటనే ఊరికి బండి తీయమనకండి.

ఎక్కడైనా మనిషి పడిపోయి ఉంటే 108కి ఫోను చేయండి. కేసు మెడకు చుట్టుకుంటుందని భయం వద్దు. సదుద్దేశంతో సాయం చేసినవారికి 2019 సవరణలో వచ్చిన 134ఏ సెక్షను రక్షణ ఇస్తోంది.

మిత్రులారా, కుటుంబ పెన్షను కాగితాలు ఎలా నింపాలో మనలో చాలామందికి కంఠతా వచ్చు. చిన్న వయసు కోడలి కోసం ఆ కాగితం నింపే అవసరం మన ఏ ఇంటికీ రాకూడదు. ఆలస్యమైతే అధికారి కోప్పడతాడు, అంతే. “మెల్లగా రా నాయనా” అని చెప్పి పంపండి.