తొమ్మిది గళ్ల లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



లెక్క యనగానే చాలమందికి గుండె జారును. పొడుపుకథ యన్నచో ఆ జనులే ముందుకు జరిగి కూర్చుందురు. గళ్ల లెక్క ఈ రెంటికిని నడుమ నిలుచునది. అందు కూడికకు మించిన విద్య అక్కరలేదు. కాని కూడిక మాత్రముననే అది తెగదు. ప్రతి గడిని కారణము చూపి నింపవలెను.

ఇట్టి విద్య మన దేశమునకు క్రొత్త గాదు. 9వ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి దెచ్చెను. 1356వ సంవత్సరమున నారాయణ పండితుడు తన గణితకౌముదిలో భద్రగణితమను పేర అంకెల చదరములకు ఒక ప్రకరణమునే కేటాయించెను. ఖజురాహో పార్శ్వనాథాలయమున 16 గళ్ల చదరమొకటి చెక్కబడి యున్నది. అందు ఎటు కూడినను 34 వచ్చును. 2004లో జపాను దేశపు ఉపాధ్యాయుడు తెత్సుయా మియమోతో తన విద్యార్థులకై కల్పించిన గళ్ల లెక్కలు నేడు పలుదేశముల పత్రికలలో కనబడుచున్నవి. చరిత్ర యింతతో చాలును. పలక చేతబట్టుటయే మేలు.

గురజాల, మాచెర్ల, పిడుగురాళ్లనుండి మూడు బండ్లు నరసరావుపేటకు వచ్చినవనుకొందము. ప్రతి బండిలోను మిరప, పత్తి, కంది బస్తాలు గలవు. అడ్డముగా మూడు బండ్లు, నిలువుగా మూడు సరకులు. వెరసి తొమ్మిది గళ్లు. వానిలో 1 మొదలు 9 వరకు గల అంకెలు ఒక్కొక్కటి ఒక్కసారియే రావలెను. గురజాల బండిలో మొత్తము 7 బస్తాలు, మాచెర్ల బండిలో 15, పిడుగురాళ్ల బండిలో 23. సరకుల వారీగా మిరప 10, పత్తి 16, కంది 19. ఏ గడిలో ఎంత?

తొందరపడువారు నడిమి గడిలో ఏదో యొక అంకె వేసి, సరిపడనిచో తుడిచి, మరల వేయుదురు. పలక నల్లబడును గాని లెక్క తెల్లబడదు. ఎచ్చట అవకాశము మిక్కిలి ఇరుకో అచ్చటనే మొదలిడవలెను.

గురజాల బండి చూడుడు. వేర్వేరు అంకెలు మూడు కూడినచో మిక్కిలి తక్కువ 1, 2, 3 కలిసి 6. కావలసినది 7. పెంచవలసినది ఒక్కటియే. 1ని పెంచిన 2 రెండుమారులగును. 2ని పెంచిన 3 రెండుమారులగును. కావున 3 మాత్రమే 4 కావలెను. ఆ బండిలో నున్నవి 1, 2, 4. పిడుగురాళ్ల బండికి ఇదే తర్కము తలక్రిందులు. మిక్కిలి ఎక్కువ 9, 8, 7 కలిసి 24; ఒకటి తగ్గవలెను; 7 తగ్గి 6 అగును. అచట 6, 8, 9. మిగిలిన 3, 5, 7 మాచెర్లవి. వానిని కూడిన 15 వచ్చినది గదా! అడుగకయే సాక్ష్యము దొరకినది.

ఇక మిరప. మూడు బండ్లలోని కనిష్ఠములు 1, 3, 6 కూడిన సరిగా 10. ఇంతకంటె తగ్గదు, వేరొకటి చేర్చిన పెరుగును. కావున మిరప గళ్లు నిశ్చయము. పత్తికి మిగిలినవి గురజాలలో 2 గాని 4 గాని, మాచెర్లలో 5 గాని 7 గాని, పిడుగురాళ్లలో 8 గాని 9 గాని. కనిష్ఠము 15, కావలసినది 16. గురజాలలో పెంచిన రెండు పెరుగును, మాచెర్లలోను రెండే. ఒక్కటి పెంచగలిగినది పిడుగురాళ్ల గడి యొక్కటే. పత్తి 2, 5, 9; కంది 4, 7, 8. లెక్క తెగినది. ఒక్క అంకెయు ఊహించి వేసినది కాదు.

ఇప్పుడొక చిక్కు. పత్తి 17, కంది 18 అని యిచ్చినచో? పత్తికి 2, 7, 8 అనవచ్చును; 4, 5, 8 అనియు అనవచ్చును. రెండును సరియే. అప్పుడు ఒక సమాధానమును గట్టిగా పలుకువాడు తెలివిగలవాడు గాడు. ఇచ్చిన వివరము చాలదని చెప్పువాడే లెక్క నెరిగినవాడు. గ్రామములలో దాయాదుల పంపకములు, అప్పుల తగవులు ఎన్నియో ఈ 17, 18ల వంటివే. రెండు విధముల పొసగుదానిని ఒకే విధమని పట్టుపట్టుటచే అన్నదమ్ములు కోర్టు మెట్లెక్కుచున్నారు.

భారతమున ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులను, కాయలను చూపుమాత్రమున లెక్క చెప్పెను. నలుడు ఔనని తలయూపలేదు. రథము నాపి, చెట్టు పడగొట్టి లెక్కించెను. ఋతుపర్ణుని విద్యను అందరును మెచ్చుకొందురు గాని, నలుని ఆ మొండితనము మరింత మెచ్చదగినది.

1984లో ఆంధ్రప్రదేశమున కరణీకము రద్దగువరకు గ్రామపు లెక్కలు కరణముల చేతిలో నుండెడివి. అడ్డపు మొత్తము నిలువు మొత్తముతో కలియకున్న ఆ కాగితము కదలరాదు. ఏలయన, మాచెర్ల పత్తి 5కు బదులు 7 అని పడినచో అడ్డమున రెండు, నిలువున రెండు హెచ్చును. ఆ రెండు వరుసలు కలియు గడియందే తప్పు చిక్కును. ఒక బండిలో పత్తి బస్తాను కందిలో వ్రాసినచో అడ్డపు మొత్తము మారదు, నిలువుది పట్టియిచ్చును. కాని వేరొక బండిలో కంది బస్తాను పత్తిలో వ్రాసి సరిపెట్టినచో అడ్డము, నిలువు రెండును నోరు మూసికొనును. అట్టి చోట రశీదు తప్ప దిక్కులేదు. సహకార సంఘపు లెక్కగాని, ఈ గ్రంథాలయపు చందా లెక్కగాని చూడగోరువారు మొత్తములు కలిసినవని లేచిపోక, నాలుగు రశీదులైనను అడిగి చూడవలెను.

పిల్లలకు ఒక లెక్క మిగిలినది. బండ్ల మొత్తములు మునుపటివే: 7, 15, 23. మిరప 11, పత్తి 14, కంది 20. ఈ మారు మిరపతో గాక కందితో మొదలిడవలెను.