అగ్గిపుల్ల జిగురులో అణువుల అల్లిక

ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ప్రయోగశాలలో ఇంగ్లిషు మాట్లాడుతూ ఈ రోజు పట్టా అందుకుంటున్న శివకాశి, కోవిల్‌పట్టి, విరుదునగర్ పిల్లలకు అగ్గిపెట్టె కొత్త కాదు. 1922లో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి ఆ పని నేర్చుకు వచ్చాక ఈ కరువు నేలకు బతుకుతెరువు దొరికింది. కానీ పుల్ల తలకు మందును పట్టి ఉంచే జిగురు సంగతి పాఠాల్లో అంతగా వినిపించదు.

సంప్రదాయంగా ఆ జిగురు పశువుల తోళ్లు, ఎముకల నుంచి తీసినది. అందులోని జెలటిన్, వేడికి విడిపోయిన కొల్లాజెన్ అనే ప్రోటీన్. 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కొల్లాజెన్‌కు మూడు పేటల మెలిక నమూనాను ప్రతిపాదించారు. పేటలో ప్రతి మూడో అమైనో ఆమ్లం గ్లైసిన్. మెలిక లోపల అంతకన్నా పెద్దదానికి చోటు లేదు. పేటలను కలిపి ఉంచేవి హైడ్రోజన్ బంధాలు. కార్బన్–కార్బన్ బంధాన్ని తెంచాలంటే మోల్‌కు సుమారు 350 కిలోజౌళ్లు కావాలి. హైడ్రోజన్ బంధాలకు అందులో పదోవంతు కూడా అక్కర్లేదు. అయినా వందలాది బంధాలు కూడబలుక్కుని పట్టుకోవడంతో ఒకటిన్నర నానోమీటర్ల మందం, 300 నానోమీటర్ల పొడవున్న మెలిక నిలుస్తుంది. ఆ మెలికలు పక్కపక్కన కాస్త జరిగి చేరి, 67 నానోమీటర్లకొక చారతో నారలవుతాయి. అమర్చే చెయ్యి ఏదీ లేదు!

జిగురు కాస్తే మెలిక విడుతుంది. చల్లారేకొద్దీ పేటలు అక్కడక్కడ మళ్లీ మెలిపడి, నీటిని పట్టుకున్న వలగా గట్టిపడతాయి. తప్పుగా కలిసిన బంధం సులువుగా తెగి, సరైన చోట మళ్లీ కుదురుకుంటుంది. తెగి కలిసే ఆ గుణం లేకపోతే ఈ అల్లిక పుట్టేదే కాదు.

పుల్లకు పట్టించే మైనానిదీ ఇదే దారి. దాని అణువులను కలిపి ఉంచేవి వాన్ డర్ వాల్స్ ఆకర్షణలే కనుక, గీయగానే కరిగి మంటకు అందుతుంది.

అణువు తీరు మారితే ఆకారమూ మారుతుంది. సబ్బు అణువులు తల, తోకల కొలతను బట్టి గోళాలో, కడ్డీలో, పొరలో అవుతాయి. 2003లో ఇజ్రాయెల్‌లో మెయిటల్ రెచెస్, ఎహుద్ గజిట్ కేవలం రెండు ఫినైల్‌అలనైన్ అమైనో ఆమ్లాల జంట నీటిలో బోలు గొట్టాలు కట్టడం చూపించారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో గౌతమ్ దేశిరాజు స్ఫటికంలో అణువులు ఎలా జత కడతాయో ముందే ఊహించి, కావలసిన అమరికను రూపొందించే శాస్త్రానికి గట్టి పునాది వేశారు.

తేమగాలికి జిగురు ఎందుకు మెత్తబడుతుంది? పశువుల జిగురుకు బదులు మొక్కల పిండిపదార్థం ఎంతవరకు పనికొస్తుంది? పరిశోధనకు అంశం వెతుక్కునేవాళ్లు ముందుగా ఈ ప్రశ్నలతో సొంతూరి అగ్గిపెట్టెల కార్ఖానాకు వెళ్లండి, మందు కలిపే కార్మికులను అడగండి.